గోత్రం, నక్షత్రం, వెయ్యిన్నూటపదహారు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీరు ఇప్పుడు ఫైబర్ తీగ పట్టుకుని ఒక ఇంటికి వెళతారు. రౌటర్ గోడకు బిగిస్తారు, దీపాలు వెలిగాయా లేదా చూస్తారు, సంతకం పెట్టించుకుని బండి ఎక్కేస్తారు. తప్పు పట్టడం లేదు. మీ మీదున్న ఒత్తిడి నాకు తెలుసు. కాకపోతే దీపాలు వెలిగాక, బండి ఎక్కే ముందు, ఆ ఇంట్లో ఇంకాసేపు కూర్చోండని చెప్పాలనిపిస్తుంది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను తాడేపల్లిగూడెం ఎక్స్ఛేంజిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. చేత్తో కాల్స్ కలిపే ఆ బోర్డులు పోయాక మమ్మల్ని ఏం చెయ్యాలో పైవాళ్ళకు తోచలేదు. కొంతకాలం బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. చివరికి ట్రైనింగుకు పంపించి బ్రాడ్‌బ్యాండ్ విభాగంలో వేశారు. ఆడమనిషి ఇంటింటికీ తిరిగి రౌటర్లు బిగించడమేమిటని మొదట్లో ఆఫీసులో నవ్వారు. నాకు నోరు కాస్త ఎక్కువ కాబట్టి ఆ నవ్వు ఎక్కువ కాలం సాగలేదు.

నాతోపాటు ఒక లైన్‌మన్ వచ్చేవాడు. అతను స్తంభం దగ్గర పని చూసుకుంటే నేను ఇంట్లో పని చూసేదాన్ని. అంతా అయ్యాక, "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారండీ?" అని అడిగేదాన్ని. అడగ్గానే ఇంటాయన వంటింటి వైపు చూసేవాడు. "ఏమోయ్, ఏం పెట్టమంటావు?" లోపల్నుంచి జవాబు వచ్చేది: "మర్చిపోనిది పెట్టమనండి." ఆ మర్చిపోనిది ఏమిటో తెలుసా? ఇంటి గోత్రం, ఆయనగారి నక్షత్రం. అంకెలు కూడా ఉండాలండీ అంటే, "అయితే వెయ్యిన్నూటపదహారు వేసెయ్యండి, శుభం" అనేవారు. ఉంగుటూరు చుట్టుపక్కల నేను పెట్టిన కనెక్షన్లలో చాలావాటికి ఇదే తాళం. కైకలూరు వైపు చేపల చెరువులవాళ్ళు మాత్రం కొత్త కారు నంబరు పెట్టించుకునేవారు. "ఇంకో ఏడాది ఈ పని చేస్తే మీరు పెళ్ళి సంబంధాలు కుదర్చవచ్చు మేడమ్, ఎవరి గోత్రమేమిటో మీ దగ్గరే ఉంది" అని మా లైన్‌మన్ ఏడిపించేవాడు. నేనూ నవ్వేదాన్ని.

నేను రిటైరవడానికి ముందటి కార్తీకమాసంలో ఏలూరు సైబర్ పోలీసుల దగ్గర్నుంచి మా ఆఫీసుకు ఫోను వచ్చింది. ఉంగుటూరు దాటాక కాలువ ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో, పదో తరగతి చదివే అమ్మాయి ఫొటో పెట్టి ఎవరో దొంగ ఖాతా తెరిచారు. దాంట్లో ఆ పిల్ల గురించి రాయకూడని మాటలు రాసి, ఊళ్ళో కుర్రాళ్ళందరికీ చేరేలా పంపారు. అమ్మాయి బడికి వెళ్ళడం మానేసింది. గదిలోంచి బయటికి రావడం లేదు. పోలీసులు ఆరా తీస్తే ఆ రాతలు అదే ఊళ్ళో ఒక ఇంటి కనెక్షన్ నుంచి వెళ్ళాయని తేలింది. ఆ ఇల్లు ఆ అమ్మాయికి లెక్కలు చెప్పే మాస్టారిది.

మాస్టారు పక్క ఊరి హైస్కూల్లో పనిచేస్తారు. సాయంత్రాలు తన ఇంటి వసారాలో పదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి ఊరికే లెక్కలు చెప్పేవారు. ఆ అమ్మాయి కూడా రోజూ వచ్చేది. సంగతి బయటపడ్డాక బడి నుంచి ఆయన్ను సెలవు మీద పంపించారు. వసారాలోకి పిల్లలు రావడం ఆగిపోయింది. అరెస్టు ఇంకా చెయ్యలేదు గానీ, రేపో మాపో అన్నట్టుంది.

నన్ను ఏలూరు పిలిపించింది సాంకేతికంగా వివరం చెప్పడానికి. స్టేషన్లో బెంచీ మీద మాస్టారు కూర్చుని ఉన్నారు. మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా, ఒళ్ళో ముడుచుకున్న చేతులు. పక్కనే ఆయన భార్య చేతిసంచీ గట్టిగా పట్టుకుని ఉంది. ఆ ఇంటికి కనెక్షన్ పెట్టింది నేనే. ఆవిడ నన్ను చూడగానే గుర్తుపట్టి, పలకరించడానికి సిగ్గుపడి తల దించుకుంది.

ఎస్సై మర్యాదస్థుడే. "మాస్టారూ, మీ వైఫై పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా అండీ?"

"తెలీదండీ. మా ఇద్దరికే."

"బాగా ఆలోచించుకోండి. పిల్లలకెవరికైనా చెప్పారా? చుట్టాలెవరైనా వచ్చారా?"

"లేదండీ. అబద్ధమెందుకు చెబుతాను? మేం ఎవరికీ చెప్పలేదు."

"దేవుడి మీద ప్రమాణమండీ, మేం ఎవరికీ చెప్పలేదు" అని ఆవిడ కూడా అంది. పాస్‌వర్డ్ ఏమిటో చెప్పమని ఎస్సై అడిగితే చెప్పింది. అదే, గోత్రం, నక్షత్రం, వెయ్యిన్నూటపదహారు. ఏ గోత్రమో, ఏ నక్షత్రమో ఇక్కడ రాయను.

మీకు అర్థమైందా? ఆ దంపతులు ఎంత నిజం చెబితే మాస్టారి మెడకు ఉచ్చు అంత బిగుస్తోంది. తాళం ఇద్దరి దగ్గరే ఉందని వాళ్ళే ఒట్టేసి చెబుతున్నారు. ఆవిడకు ఆ ఖాతాలు తెరవడం, ఫొటోలు పెట్టడం రాదు. ఇక మిగిలిందెవరు? ఒక్కసారి నోరు జారి "పక్కింటివాళ్ళకు ఇచ్చామండీ" అని అంటే బయటపడేవారు. వాళ్ళకు ఆ తెలివి లేదు. నాకు లోపల బాధగానూ ఉంది, చిరాకుగానూ ఉంది.

తిరిగి వచ్చాక మా పై అధికారి నన్ను పిలిచాడు. "మేడమ్, మనకెందుకండీ ఈ గొడవ? కనెక్షన్ ఆయన పేరు మీదే ఉంది, పాస్‌వర్డ్ పెట్టే ఉంది అని రాసిచ్చెయ్యండి. అబద్ధం కాదుగా." అబద్ధం కాదు, నిజమే. ఆ నిజం చాలు ఆయన జైలుకు వెళ్ళడానికి. "రౌటర్ చూడకుండా రాసివ్వనండీ" అన్నాను. ఆయన భుజాలు ఎగరేసి, "మీ ఇష్టం, మీకేం, నాలుగు నెలల్లో వెళ్ళిపోతారు" అన్నాడు.

సోమవారం పొద్దున్నే వెళ్ళాను. మా లైన్‌మన్ నన్ను దింపి, పక్క ఊళ్ళో ఏదో ఫాల్టు ఉందని వెళ్ళిపోయాడు. మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఆవిడ గుడికి వెళ్ళిందట. పోలీసులు ఆయన ఫోను తీసుకుని దగ్గర పెట్టుకున్నారు. కంప్యూటర్ని చూసి తిరిగి ఇచ్చేశారు గానీ, అప్పటి నుంచి అది ఆన్ కావడం లేదన్నారు. ముందు దాని సంగతి చూద్దామని మూత విప్పాను. లోపల ఫ్యానుకు అంగుళం మందాన దుమ్ము. బయట దసరా పూజకు పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు అలాగే ఉన్నాయి. కుంకుమ పొడి రాలి, ఆన్ చేసే మీటలోకి దిగి అది బిగుసుకుపోయింది.

"పూజ చెయ్యండి మాస్టారూ, వద్దనను. కానీ బొట్టు పక్కన పెట్టండి, మీట మీద కాదు. అప్పుడప్పుడూ బ్రష్‌తో దులపండి. అప్‌డేట్ చెయ్యమని అది అడిగినప్పుడల్లా తర్వాత, తర్వాత అని నొక్కకండి" అన్నాను. వేరే రోజైతే ఆయన నవ్వేవారేమో. "అలాగేనండీ" అన్నారు, చెయ్యని తప్పుకు కూడా ఒప్పుకునే మనిషిలా.

అప్పుడే గుళ్ళో మైకు మొదలైంది. కాలువ అవతలి గుడి. కార్తీక సోమవారం కదా, పంతులుగారు వరసగా అర్చనలు చేస్తున్నారు. స్తంభానికి కట్టిన మైకు ఊరంతటికీ వినబడుతుంది. ఒక్కొక్కరి గోత్రం, నక్షత్రం, పేరు. నేను ఫ్యాను తుడుస్తూ ఊరికే వింటున్నాను. ఫలానా గోత్రోద్భవస్య, ఫలానా నక్షత్రే జాతస్య అంటూ చదువుతూ పంతులుగారు మాస్టారి పేరు దగ్గరికి వచ్చారు.

నా చెయ్యి ఆగిపోయింది. స్టేషన్లో ఆవిడ చెప్పిన రెండు మాటలూ, అదే వరసలో, ఊరి మధ్య మైకులో వినబడ్డాయి.

"మాస్టారూ, మీ ఆవిడ మీ పేరున అర్చన ఎప్పుడెప్పుడు చేయిస్తారండీ?"

"ప్రతి సోమవారమూనండీ. నాకు ఆమధ్య గుండెలో నొప్పి వచ్చింది. అప్పటి నుంచీ మానలేదు."

ఇక నేను కంప్యూటర్ వదిలేసి నా ల్యాప్‌టాప్ తీశాను. రౌటర్‌లోకి వెళ్ళే రహస్య పదం పెట్టె అడుగున అచ్చువేసినదే ఉంది, ఎవరూ మార్చలేదు. లోపలికి వెళ్ళి, ఈ క్షణంలో దీనితో ఏయే పరికరాలు కలిసి ఉన్నాయో చూశాను. రెండే ఉండాలి. ఒకటి నా ల్యాప్‌టాప్, ఇంకోటి గూట్లో ఆవిడ వదిలి వెళ్ళిన ఫోను. కానీ మూడోది ఉంది. ఈ కాలం పిల్లలు ఫోనుకు ముద్దుపేరు పెట్టుకుంటారుగా, ఆ పేరుతో సహా కనబడుతోంది. పోలీసుల భయంతో మనిషి జాగ్రత్తపడి ఉండవచ్చు. ఫోనుకు భయం తెలియదు. ఇంటికి చేరగానే తనంతట తనే కలిసిపోతుంది.

మాస్టారు నా భుజం మీదుగా తెర చూశారు. పేరు చదివారు. నెమ్మదిగా వెనక్కి జరిగి కుర్చీలో కూర్చున్నారు.

"ఎవరండీ?" అన్నాను.

ఆయన పక్క డాబా వైపు చూపించారు. పై అంతస్తులో గది కిటికీ తీసి ఉంది. "పక్కింటబ్బాయండీ. వాడికి ఎక్కాలు నేర్పింది నేనే. నాకు నొప్పి వచ్చిన రోజున బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది వాడే."

నేను ఎస్సైకి చెప్పడానికి ఫోను తీస్తుంటే ఆయన లేచి నిలబడ్డారు. "మేడమ్ గారండీ, ఈ పెట్టెను మళ్ళీ మొదటికి తెచ్చే మీట ఒకటుంటుందటగా?"

"ఉంటుందండీ. ఎందుకు?"

"నొక్కెయ్యండి."

ఆయనే చెప్పుకుపోయారు. "పోలీసు ఉద్యోగానికని పరీక్షలు రాస్తున్నాడండీ. కేసయితే వాడి బతుకు అయిపోతుంది. పాతికేళ్ళు కూడా లేవు. నాదంటారా, ఇంకెంత సర్వీసు ఉంది? ఎలాగూ నేనేనని అందరూ అనుకుంటున్నారు. అనుకోనివ్వండి. నన్ను బతికించినవాణ్ణి నేనెలా పట్టిస్తాను?"

ఇది చదివి ఆయన గొప్పతనానికి చేతులు జోడించకండి. నాకైతే ఒళ్ళు మండిపోయింది. "అవతల ఒక ఆడపిల్ల తలుపు వేసుకుని కూర్చుంది మాస్టారూ" అన్నాను. ఆయనకు వినబడిందో లేదో తెలియదు. సూది కోసం గూడు వెతుకుతున్నారు. ఆ మీట చిన్న కన్నంలో ఉంటుంది, సూదితో నొక్కాలి. నొక్కితే ఆ మూడో పేరు పోతుంది. నేను రౌటర్ ముందు అడ్డంగా నిలబడ్డాను. ఇద్దరం పెద్దవాళ్ళం, అలా నిలబడి ఉండగా ఆవిడ ప్రసాదం పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది.

మా ముఖాలు చూసి పళ్ళెం కింద పెట్టింది. నేనే చెప్పాను. పాస్‌వర్డ్ ఎలా బయటికి వెళ్ళిందో, ఎవరు వాడుకున్నారో అంతా. ఆవిడ ముందు విన్నది మొదటి సగమే.

"మైకులోనా?" అంది. "నేనేనా అండీ చెప్పించింది? ఆయన బాగుండాలనే కదా చేయించాను."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడవనిచ్చాను. ఓదార్చడం నాకు చేతకాదు. తర్వాత మాస్టారు పక్కింటబ్బాయి గురించి నాతో అన్న మాటలే ఆవిడతోనూ అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ మొత్తం విన్నది. ప్రతి సోమవారం ఆ అబ్బాయికి గోడ మీంచి ప్రసాదం అందించే మనిషి ఆవిడ.

"ఏవండీ" అంది చివరికి. "మిమ్మల్ని అన్నవి మీరు క్షమించుకోండి. నేను కాదనను. ఆ పిల్లను అన్నవి క్షమించడానికి మీరెవరండీ?"

మాస్టారి చేతిలో సూది అలాగే ఉంది. ఆవిడ నా వైపు తిరిగి, "ఎస్సైగారి నంబరు మీ దగ్గరుందిగా. కలిపివ్వండి, నేను మాట్లాడతాను" అంది. కాల్స్ కలపడమే ఉద్యోగంగా ఎన్నో ఏళ్ళు గడిపాను. అంత బరువైన కాల్ కలిపిన గుర్తు లేదు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. ఫోనులో అన్నీ దొరికాయి. ఆ అబ్బాయి బస్సులో రోజూ ఆ అమ్మాయి వెంటబడేవాడట. అమ్మాయి ఇంట్లో చెబితే వాళ్ళ నాన్న బస్టాపులో నలుగురి ముందూ చివాట్లు పెట్టాడట. మరి మాస్టారి వైఫై ఎలా దొరికిందంటే, అది అంతకు చాలా ముందే, క్రికెట్ చూడటానికి. వాళ్ళింట్లో పాస్‌వర్డ్ కూడా గోత్రం, నక్షత్రం, వెయ్యిన్నూటపదహారే. మైకులో వింటూ సరదాగా ప్రయత్నించాడట, కలిసిందట. మాస్టారి మీదకు నెట్టాలని అనుకోలేదని కూడా చెప్పాడు. అసలు అంత దూరం ఆలోచించలేదట.

వాళ్ళమ్మ డాబా మీద నిలబడి మాస్టారి భార్యను తిట్టిన తిట్లు నేను రాయలేను. "నీకు కడుపున పుడితే తెలిసేది" అన్నది ఒక్కటి చాలు. పిల్లలు లేని ఆ తల్లి గడపలో నిలబడి అన్నీ విన్నది.

మర్నాడు ఆఫీసులో సంగతి చెబితే మా పై అధికారి కుర్చీలోంచి లేచి వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు. తిరిగి వచ్చి, "మా ఇంట్లోదీ అదేనండీ" అన్నాడు మెల్లగా. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే ఫోన్లు పట్టుకుని బయటికి నడిచారు. గుడి పంతులుగారైతే, "ఇక మైకు కట్టెయ్యమంటారా అమ్మా?" అని నన్నడిగారు. "మీరు చేసిందేముందండీ? దేవుడికి చెప్పుకునేది దేవుడికే చెప్పుకోమనండి, రౌటర్‌కు ఇంకోటి చెప్పమనండి" అన్నాను. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి ఆ మాటే చెప్పాను.

మాస్టారింటికి కొత్త పాస్‌వర్డ్ పెట్టడానికి మాత్రం ఆలస్యమైంది. రౌటర్ పోలీసుల దగ్గర్నుంచి తిరిగి రావాలి. సంక్రాంతి వెళ్ళాక వచ్చింది. అప్పటికి మాస్టారి మీద ఏమీ లేదని పోలీసులు కాగితం ఇచ్చారు, బడిలో తిరిగి చేర్చుకున్నారు. రౌటర్‌ను కిటికీ దగ్గర్నుంచి తీసి లోపలి గదిలో బిగించాను. దాని అడుగున అచ్చువేసిన రహస్య పదం మార్చాను. దాని సాఫ్ట్‌వేర్ కొత్తది చేశాను. వచ్చీపోయేవాళ్ళ కోసం వేరే పేరుతో ఇంకో వైఫై పెట్టాను. ఇవన్నీ మీకు పుస్తకాల్లో దొరుకుతాయి.

"ఇప్పుడు పాస్‌వర్డ్ మీరే కొట్టండి. నాకు చెప్పకండి" అని ఆవిడకు ల్యాప్‌టాప్ ఇచ్చి గోడ వైపు తిరిగాను. "సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పెట్టండి. ఊళ్ళో ఎవరికీ తెలియనివి."

"ఎవరికీ తెలియనిది నా దగ్గర ఏముందండీ?" అంది వెనక నుంచి. ఎగతాళికి అనలేదు. ఆవిడ పుట్టిన ఊరు, పెళ్ళినాటి ముచ్చట, ఆయన జబ్బు, పిల్లలు లేకపోవడం, ఏ మొక్కు ఎందుకు మొక్కిందో కూడా ఆ ఊరికి తెలుసు. నేనేం చెప్పగలను? ఆలోచించుకోండి అన్నాను. చివరికి ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఏదో కొట్టింది. ఏం పెట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. మాస్టారు అడిగితే, "తర్వాత చెబుతానులెండి" అంది. గొంతులో మొదటిసారి కాస్త ధైర్యం వినబడింది నాకు.

నేను సామాను సర్దుకుంటుండగా గేటు చప్పుడైంది. ఆ అమ్మాయి వచ్చింది. అప్పటిదాకా నేను ఆ పిల్లను చూడలేదు. చిక్కిపోయి, పుస్తకాలు ఛాతీకి అదుముకుని ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. తక్కిన పిల్లలు అప్పటికే వసారాలో కూర్చుని ఉన్నారు. వాళ్ళు జరిగి చోటిచ్చారు. మాస్టారు లేచి నిలబడ్డారు, చేతిలోని సుద్దముక్క వైపు చూసుకున్నారు. "రా అమ్మా, కూర్చో" అన్నారు ఎలాగో. ఆ పిల్ల కూర్చుంది.

వాళ్ళ నాన్న గేటు దగ్గరే ఉండిపోయాడు. వరిచేలు చేసుకునే మనిషి, భుజం మీద తువ్వాలు. కేసు సంగతి అతనికి మొదటి నుంచి చివరి దాకా తెలుసు. పోలీసులే కూర్చోబెట్టి చెప్పారు. మాస్టారికి దణ్ణం కూడా పెట్టాడు. కానీ వెళ్ళలేదు. కాలువ వైపు చూస్తున్నట్టు నిలబడి, కాసేపటికోసారి వసారాలోకి చూస్తున్నాడు. మాస్టారి భార్య గుమ్మంలోంచి అది గమనించి, నా చెయ్యి పట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఏ కాగితంలో తప్పు లేదని తేలినా మిగిలిపోయేది ఆ అనుమానపు చూపే.

మాస్టారూ గమనించారు. పాఠం ఆపి లోపలికి వెళ్ళి, కుర్చీ తానే ఎత్తుకొచ్చారు. వసారా చివర, పిల్లలకు వెనకగా వేశారు.

"ఎంతసేపని నిలబడతారు? వచ్చి కూర్చోండి" అన్నారు. "ఇక్కణ్ణించైతే అమ్మాయి కనబడుతుంది, నేనూ కనబడతాను."

అతను తల దించుకుని వచ్చి కూర్చున్నాడు. మాస్టారు బోర్డు వైపు తిరిగారు. సుద్దముక్క పట్టుకుని లెక్క మొదలుపెట్టారు.